ఇల్లు ఆమె పేర, పన్ను ఎవరి పేర?



పర్చూరు, ఇంకొల్లు, మార్టూరు, చిలకలూరిపేట వైపు నల్లరేగడి ఊళ్లలో ఒక అలవాటు ఉంది. మిర్చికి మంచి ధర పలికిన ఏడాది, పత్తి కలిసొచ్చిన ఏడాది, మిగిలిన డబ్బుతో కొందరు పొలం కొంటారు. కొందరు గుంటూరులోనో, ఒంగోలులోనో, చీరాలలోనో ఒక ఇల్లు కొని అద్దెకిస్తారు. పంట ఒక ఏడు చేతికొస్తుంది, ఇంకో ఏడు తెగులు పట్టుకుపోతుంది. అద్దె మాత్రం నెల తిరిగేసరికి వస్తుంది. ఆ ధీమా కోసమే ఆ ఇల్లు.

ఆ ఇంటి గురించి ఏదో ఒకనాడు ఇంట్లో మాట వస్తుంది. "గుంటూరు ఇల్లు మా ఆవిడ పేర రాసేద్దామనుకుంటున్నా" అంటాడు ఇంటాయన. మంచి మాట. ఆ మాట వెనకాలే రెండు ప్రశ్నలు కూడా వస్తాయి. రాసిస్తే ఇప్పుడు పన్ను కట్టాలా? రాసిచ్చాక పన్ను తగ్గుతుందా?

ఈ రెండు ప్రశ్నల గురించే ఇవాళ మాట్లాడుకుందాం. జవాబు ముందే చెప్పేస్తాను. మూడే ముక్కలు. గుర్తుపెట్టుకోండి.

మొదటిది. భర్త భార్యకు ఇల్లు దానంగా రాసిస్తే, రాసిచ్చిన రోజున ఆదాయపు పన్ను లేదు. ఇచ్చిన వారికీ లేదు, పుచ్చుకున్న వారికీ లేదు.

రెండోది. రాసిచ్చాక ఆ ఇంటి మీద వచ్చే అద్దె పన్ను లెక్కలో ఇచ్చిన వారి ఆదాయమే. పేరు మారింది, లెక్క మారలేదు.

మూడోది. రేపు ఆమె ఆ ఇల్లు అమ్మితే వచ్చే లాభం కూడా ఇచ్చిన వారి లెక్కలోకే వస్తుంది.

ఇస్తే పన్ను లేదు. అద్దె ఇచ్చినవారి లెక్కలోనే. అమ్మిన లాభమూ ఇచ్చినవారి లెక్కలోనే. ఈ మూడు ముక్కలే ఇక వివరంగా చూద్దాం. భర్త భార్యకు ఇచ్చినా, భార్య భర్తకు ఇచ్చినా చట్టం ఒక్కటే. మన వైపు ఎక్కువగా జరిగేది మొదటిది కనుక అలాగే చెబుతున్నాను.

మొదటి ముక్క. ఇచ్చిన రోజున పన్ను ఎందుకు లేదు?

ఇల్లు పది లక్షలకు కొన్నారు. యాభై లక్షలకు అమ్మారు. మధ్యలో వచ్చిన నలభై లక్షలూ లాభం. దాన్నే క్యాపిటల్ గెయిన్ అంటారు, మూలధన లాభం. ఆ లాభం మీద పడే పన్ను మన దేశంలోకి మొదట 1947లో వచ్చింది. ఒకటి రెండేళ్లకే తీసేశారు. 1956లో టి.టి. కృష్ణమాచారి ఆర్థిక మంత్రిగా ఉన్నప్పుడు మళ్లీ తెచ్చారు. అప్పటినుంచి ఉంది.

ఈ పన్ను పడాలంటే ఆస్తి చేతులు మారాలి, దానికి బదులు విలువ చేతికి రావాలి. దానంలో బదులు ఏమీ రాదు. ఒక్క రూపాయి కూడా పుచ్చుకోకుండా రాసిస్తున్నారు. అందుకే దానంగా, వీలునామాగా ఇచ్చినదాన్ని ఈ పన్ను కోసం బదిలీగా లెక్కపెట్టవద్దని చట్టమే చెప్పింది. మరి పుచ్చుకున్న ఆమె సంగతి? బయటివాళ్ల దగ్గర్నుంచి ఇల్లు ఉచితంగా వస్తే అది ఆదాయం కిందికి వస్తుంది. భార్యాభర్తలు మాత్రం చట్టం దృష్టిలో దగ్గరి బంధువులు. వారి మధ్య ఎంత విలువైన ఇల్లు చేతులు మారినా ఆమెకు పన్ను లేదు.

పెద్దవాళ్లలో కొందరికి ఒక భయం ఉంటుంది. "దానమిస్తే గిఫ్ట్ టాక్స్ కట్టాలట కదా" అంటారు. ఆ భయం ఊరికే పుట్టలేదు. 1958లో గిఫ్ట్ టాక్స్ చట్టం నిజంగానే వచ్చింది. ఇచ్చినవారే ఆ పన్ను కట్టాలి. నలభై ఏళ్లు ఉంది. 1998 అక్టోబరు 1 నుంచి ఇచ్చిన దానాల మీద ఆ పన్ను లేదు. కాబట్టి ఆ భయం వదిలేయండి.

అయితే ఆదాయపు పన్ను వేరు, రిజిస్ట్రేషన్ ఖర్చు వేరు. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు రాష్ట్ర ప్రభుత్వానికి కట్టేవి. దానమైనా అవి తప్పవు. కుటుంబంలో వాళ్లకు దాన సెటిల్మెంట్ రాస్తే, అమ్మకానికి పడేదానికన్నా తక్కువ పడుతుంది. ఆ రోజుకు ఎంతో సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో కనుక్కుని బయల్దేరండి.

మళ్లీ చెబుతున్నాను. దానంగా ఇచ్చిన రోజున ఆదాయపు పన్ను లేదు.

ఇక రెండో ముక్క. అద్దె.

చాలామంది పొరపడేది ఇక్కడే. "ఇల్లు ఆవిడ పేర ఉంది. అద్దె ఆవిడ ఖాతాలో పడుతోంది. కాబట్టి అది ఆవిడ ఆదాయం" అనుకుంటారు. లోకం దృష్టిలో నిజమే. పన్ను చట్టం దృష్టిలో కాదు. సరైన ప్రతిఫలం లేకుండా భర్త భార్యకు ఇల్లు ఇస్తే, ఆ ఇంటికి యజమాని ఇంకా భర్తేనని పన్ను చట్టం భావిస్తుంది. దస్తావేజులో ఆమె యజమాని. పన్ను రిటర్నులో ఆయన యజమాని. అద్దె ఆయన ఆదాయంలోనే కలపాలి.

ఈ నియమం నిన్న మొన్న పుట్టింది కాదు. తెల్లదొరల కాలంలో, 1922 నాటి ఆదాయపు పన్ను చట్టం నడుస్తున్న రోజుల్లో, పెద్ద ఆదాయం ఉన్నవాళ్లు ఆస్తుల్ని భార్యాపిల్లల పేర పంచి పన్ను తగ్గించుకునేవాళ్లు. 1936లో ఒక విచారణ నివేదిక ఈ సంగతి ఎత్తిచూపింది. మరుసటి ఏడాది, 1937లో, చట్టంలో ఈ నియమం చేర్చారు. 1961 చట్టంలోనూ ఇది కొనసాగింది. 1961 చట్టం స్థానంలో 2025లో చేసిన కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు. సెక్షన్ల నంబర్లు మారాయి, ఈ నియమం మారలేదు. తొంభై ఏళ్లకు దగ్గరపడిన నియమం ఇది.

"సరైన ప్రతిఫలం లేకుండా" అన్నాను కదా. మరి ముప్పయ్యేళ్ల కాపురం, ఆమె చేసిన చాకిరీ, ఆయనకున్న ప్రేమ, ఇవి ప్రతిఫలం కావా? ఈ ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. తులసీదాస్ కీలాచంద్ అనే ఆయన కేసు. 1961లో తీర్పు వచ్చింది. సహజమైన ప్రేమాభిమానాలు ఎంత గొప్పవైనా, ఈ నియమం కోసం సరైన ప్రతిఫలం అనిపించుకోవు అని కోర్టు చెప్పింది. ప్రేమకు విలువ లేదని ఆ తీర్పు అర్థం కాదు. ఇక్కడ చూసేది డబ్బుతో కొలవగల ప్రతిఫలాన్నే అని అర్థం.

ఇంకో మాట. అసలు మీకు పన్ను పడుతోందా లేదా అన్నది ముందు చూసుకోండి. గుంటూరు ఇంటికి నెలకు ఇరవై వేలు అద్దె వస్తోందనుకుందాం. ఏడాదికి రెండు లక్షల నలభై వేలు. అందులో నూటికి ముప్పై వంతు మరమ్మతులూ అవీ ఇవీ కింద చట్టమే మినహాయిస్తుంది. మీరు ఖర్చు పెట్టినా పెట్టకపోయినా ఆ మినహాయింపు ఇస్తారు. ఇంటి పన్ను కట్టి ఉంటే అదీ తగ్గుతుంది. మిగిలేది లక్షా అరవై ఎనిమిది వేల లోపు. వ్యవసాయ ఆదాయం మీద పన్ను లేదు. ఇతర ఆదాయం బాగా ఉన్నప్పుడు పన్ను రేటు తేల్చడానికి మాత్రం దాన్ని కలిపి చూస్తారు. 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో, ఇక్కడే నివసించేవారికి మామూలు రేట్లతో పన్ను పడే ఆదాయం 12 లక్షల దాకా ఉంటే రిబేటు వల్ల పన్ను కట్టనక్కర్లేదు. పొలం మీద బతుకుతూ ఒక ఇల్లు అద్దెకిచ్చుకున్న కుటుంబాల్లో చాలావాటికి ఆ అద్దె మీద కట్టాల్సిన పన్నే ఉండదు.

అంటే చూడండి. చిన్న ఆదాయం వాళ్లకు తగ్గించుకోవడానికి పన్నే లేదు. పెద్ద ఆదాయం వాళ్లు భార్య పేర రాసినా పన్ను తగ్గదు. ఎటు చూసినా పన్ను కోసం ఇల్లు రాయడంలో ప్రయోజనం లేదు. ఇవాళ్టి ప్రసంగంలో నేను గట్టిగా చెప్పదలచుకున్న మాట ఇదే. ఆమె పేర ఇల్లు రాయండి, తప్పకుండా రాయండి. కానీ పన్ను కోసం రాయకండి. ఆమె కోసం రాయండి.

మూడో ముక్క. రేపు అమ్మితే?

ఒక జంట ఉందనుకుందాం. 2006 దసరాకు ఆయన గుంటూరులో పది లక్షలు పెట్టి ఇల్లు కొన్నారు. 2015లో ఆమె పేర దానంగా రాశారు. అప్పటికి దాని విలువ ముప్పై లక్షలు. 2025-26లో ఆమె దాన్ని యాభై లక్షలకు అమ్మారు. లాభం ఎంత?

"నాకు వచ్చేనాటికి ముప్పై లక్షలు, అమ్మింది యాభైకి, లాభం ఇరవై లక్షలు" అని ఆమె అనుకోవచ్చు. కాదు. దానంగా వచ్చిన ఇంటికి, ఇచ్చినవారు పెట్టిన ఖరీదే పుచ్చుకున్నవారి ఖరీదు. అంటే పది లక్షలే. ఆయన ఉంచుకున్న కాలం కూడా ఆమె కాలంలో కలుస్తుంది. లాభం నలభై లక్షలు.

ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. 2024 జూలై 23న రేట్లు మారాయి. రెండేళ్లకు పైగా ఉంచుకున్న ఇంటి లాభం మీద ఇప్పుడు పన్నెండున్నర శాతం. అయితే ఆ తేదీకి ముందు కొన్న ఇళ్లకు, ఇక్కడ నివసించేవారికి ఇంకో దారి కూడా ఉంచారు. పాత ఖరీదును ధరల పెరుగుదలకు తగ్గట్టు పెంచి, మిగిలిన లాభం మీద ఇరవై శాతం లెక్క కట్టవచ్చు. రెండింటిలో ఏది తక్కువైతే అదే. మన ఉదాహరణలో మొదటి దారిన ఐదు లక్షలు. రెండో దారిన సుమారు మూడు లక్షల ఎనభై నాలుగు వేలు. సెస్సు అదనం. రెండో దారి మేలు. ఇంకో మాట, ఇందాక చెప్పిన 12 లక్షల రిబేటు ఈ లాభానికి వర్తించదు.

మరి ఆ పన్ను ఎవరి లెక్కలో? అమ్మింది ఆమె. డబ్బు పడింది ఆమె ఖాతాలో. అయినా లాభం ఆయన ఆదాయంలో కలుస్తుంది. ఇదీ సుప్రీంకోర్టు తేల్చిన విషయమే. సేవంతీలాల్ మాణెక్‌లాల్ సేఠ్ కేసు, 1968. భర్త భార్యకు షేర్లు దానంగా ఇచ్చారు. ఆమె అమ్మారు. లాభం వచ్చింది. ఆ లాభం కూడా ఇచ్చిన ఆస్తి నుంచి వచ్చిన ఆదాయమే కాబట్టి భర్త లెక్కలోకి వస్తుందని కోర్టు చెప్పింది. షేర్లకు చెప్పిన మాట ఇంటికీ వర్తిస్తుంది.

అమ్మిన లాభంతో మరో ఇల్లు కొంటే మినహాయింపు ఉంది. అమ్మకానికి ముందు ఏడాదిలోపు గానీ, తర్వాత రెండేళ్లలోపు గానీ కొనాలి. కట్టుకుంటే మూడేళ్లు గడువు. ఇలాంటి ఇంటి విషయంలో కొత్త ఇల్లు ఎవరి పేర కొనాలో అమ్మకానికి ముందే ఆడిటరు గారితో మాట్లాడుకోండి. అగ్రిమెంటు అయ్యాక అడిగితే ఆయన చేతిలో దారులు తక్కువ మిగులుతాయి.

మూడూ ఇంకోసారి. ఇస్తే పన్ను లేదు. అద్దె ఇచ్చినవారి లెక్కలోనే. అమ్మిన లాభమూ ఇచ్చినవారి లెక్కలోనే.

ఇంతదాకా విని, "అయితే ఆడదాని పేర ఏ ఆస్తి ఉన్నా అది మొగుడి లెక్కేనా?" అని ఏ అమ్మైనా అడిగితే, కాదమ్మా, ముమ్మాటికీ కాదు. ఈ నియమం భర్త గానీ, అత్తమామలు గానీ ఇచ్చిన ఆస్తికే. ఆమెకు ఇంకో దారిలో వచ్చినది పూర్తిగా ఆమెదే.

మన వైపు ఆడపిల్ల పెళ్లికి పసుపు కుంకుమ కింద పొలమో, ఇంటి స్థలమో ఇస్తారు. అది పుట్టింటి నుంచి వచ్చింది. దాని మీద వచ్చే ఆదాయం ఆమెదే, అమ్మితే వచ్చే లాభం ఆమెదే. తండ్రి నుంచి వాటాగా వచ్చినా అంతే. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం తెచ్చిన సవరణతో, 1985 సెప్టెంబరు 5 నుంచే ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు కొడుకులతో సమానంగా హక్కు వచ్చింది. ఆ తేదీకి పెళ్లికాని కూతుళ్లకు అది వర్తించింది. దేశమంతటికీ అలాంటి హక్కు వచ్చింది 2005లో. అలా వచ్చిన వాటా భర్త లెక్కలోకి రాదు. ఆమె ఉద్యోగం చేసి, టైలరింగు చేసి, పాడి చేసి కూడబెట్టిన డబ్బుతో కొన్నదీ ఆమెదే.

పెళ్లికి ముందే ఇచ్చిన ఆస్తి కూడా ఈ నియమం కిందికి రాదు. ఫిలిప్ జాన్ ప్లాస్కెట్ థామస్ అనే ఆయన, తాను పెళ్లి చేసుకోబోయే ఆమెకు పెళ్లికి ముందు షేర్లు ఇచ్చారు. తర్వాత పెళ్లయింది. ఆ షేర్ల ఆదాయం భర్త లెక్కలో కలపాలని పన్ను శాఖ అంది. ఇచ్చిన నాడూ, ఆదాయం వచ్చిన నాడూ, రెండు నాళ్లూ వాళ్లు భార్యాభర్తలై ఉండాలి, ఇచ్చిన నాటికి కాలేదు కాబట్టి కలపకూడదు అని సుప్రీంకోర్టు 1963లో చెప్పింది.

ఆ తీర్పులోంచే ఇంకో సంగతి తేలుతుంది. భర్త కాలం చేస్తే, ఆనాటి నుంచి ఆయన ఇచ్చిన ఇంటి అద్దె పన్ను లెక్కలో కూడా ఆమెదే. విడిగా బతకడానికి ఒప్పందం చేసుకుని, ఆ ఒప్పందం కింద ఇల్లు రాసిచ్చినా ఆదాయం ఆమెదే. వీలునామా ద్వారా వచ్చినా ఆమెదే.

ఇంకో చిన్న సంగతి ఉంది, చాలామంది ఎరగరు. ఆయన ఇచ్చిన ఇంటి అద్దె ఆయన లెక్క. సరే. ఆ అద్దెలో ఆమె దాచుకున్న డబ్బును బ్యాంకులో వేసుకుంటే వచ్చే వడ్డీ మాత్రం ఆమెదే. చెట్టు ఆయన లెక్క, కాసిన మొదటి కాయ ఆయన లెక్క, ఆ కాయ గింజను ఆమె నాటుకుంటే మొలిచిన మొక్క ఆమెది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ దాచుకున్న సొమ్ము పెరుగుతుంది. అందుకే అద్దె ఆమె ఖాతాలోనే వేయించండి, ఆమెనే దాచుకోనివ్వండి.

మరి ఆమె దగ్గర సొంత డబ్బే ఉండి, భర్త దగ్గర ఆ ఇల్లు కొనుక్కుంటే? పసుపు కుంకుమ పొలం అమ్మిన డబ్బు ఉందనుకుందాం. బజారు ధర పూర్తిగా చెల్లించి, బ్యాంకు ద్వారా చెల్లించి, సేల్ డీడ్ రాయించుకుంటే అది దానం కాదు, అమ్మకం. ఆనాటి నుంచి అద్దె ఆమెది, తర్వాత లాభమూ ఆమెది. కానీ అమ్మిన భర్తకు ఆ ఏడాదే మూలధన లాభం మీద పన్ను పడుతుంది. రిజిస్ట్రేషన్ విలువ కన్నా బాగా తక్కువకు రాసుకుంటే పన్ను శాఖ ఆ రిజిస్ట్రేషన్ విలువనే లెక్కలోకి తీసుకుంటుంది. ఖరీదు యాభై లక్షలో అంతకు మించో అయితే, భార్య అయినా సరే, ఒక శాతం పన్ను మినహాయించి ప్రభుత్వానికి కట్టాలి. కాగితం మీద అమ్మకం రాసి, డబ్బు చేతులు మారకుండా ఉంచితే అది నిలవదు.

ఇంట్లో మిగతావాళ్ల గురించీ ఒక మాట. పద్దెనిమిదేళ్లు నిండిన కొడుక్కో కూతురికో ఇల్లు దానంగా ఇస్తే, అద్దె వాళ్లదే, లాభమూ వాళ్లదే. కోడలికి ఇస్తే మాత్రం భార్యకు ఇచ్చినట్టే, ఆదాయం ఇచ్చిన అత్తమామల లెక్కలోనే. చిన్నపిల్లల పేర ఇల్లు పెడితే అద్దె ఇచ్చిన తల్లి లేక తండ్రి లెక్కలోనే ఉంటుంది.

పొలం సంగతి వేరు. మునిసిపాలిటీకి దూరంగా పల్లెలో ఉన్న సాగుభూమిని చట్టం మూలధన ఆస్తిగానే చూడదు. దాన్ని అమ్మినా ఈ పన్ను లేదు. దూరం ఎంత అన్నది ఆ మునిసిపాలిటీ జనాభాను బట్టి రెండు, ఆరు, ఎనిమిది కిలోమీటర్లుగా ఉంటుంది. కానీ ఇల్లు అలా కాదు. పల్లెలో ఉన్నా, పట్నంలో ఉన్నా ఇల్లు మూలధన ఆస్తే. పొలం అమ్మినప్పుడు పన్ను పడలేదు కదా అని ఇంటికీ పడదనుకోకండి.

మన పిల్లలు విదేశాల్లో ఉన్నారు. లండన్‌లో ఉన్న అబ్బాయి ఫోను చేసి, "నాన్నా, ఇక్కడ ఇల్లు మా ఆవిడకు పూర్తిగా ఇచ్చేస్తే అద్దె మీద పన్ను తనకే, నాకు తగ్గింది, నువ్వూ అమ్మకు రాసెయ్" అనవచ్చు. అతను చెప్పింది అబద్ధం కాదు. బ్రిటన్‌లో కలిసి ఉంటున్న దంపతుల మధ్య ఇల్లు చేతులు మారితే లాభమూ నష్టమూ లేనట్టు చూస్తారు. నిజంగా పూర్తిగా ఇచ్చేస్తే అద్దె పుచ్చుకున్నవారిదే. అమెరికాలో 1984లో వచ్చిన నియమం ప్రకారం భార్యాభర్తల మధ్య బదిలీకి లాభం లెక్క లేదు. కానీ పుచ్చుకునే వారు అక్కడి పౌరులూ కాక, పన్ను లెక్కలో అక్కడి నివాసులూ కాకపోతే ఆ వెసులుబాటు లేదు. ఆయన డాలస్‌లో ఉద్యోగం, ఆమె పర్చూరులో అత్తమామల దగ్గర. అలాంటి దంపతులు ఇక్కడి ఇల్లు రాసుకునే ముందు రెండు దేశాల లెక్కలూ చూసుకోవాలి. ఏ దేశంలో ఏ వెసులుబాటు ఉన్నా, గుంటూరులో ఉన్న ఇంటి అద్దెకు మన దేశపు నియమం వర్తిస్తుంది. ఇంకొకటి. ఇందాక చెప్పిన ఇరవై శాతం దారి విదేశాల్లో స్థిరపడ్డవారికి లేదు.

ఇక రాసేటప్పుడు చూసుకోవాల్సినవి.

నోటిమాట చాలదు. తెల్లకాగితం చాలదు. ఇల్లు దానమివ్వాలంటే దస్తావేజు రాయాలి, కనీసం ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి, రిజిస్టరు కావాలి. ఇచ్చేవారు బతికుండగానే పుచ్చుకునేవారు దాన్ని స్వీకరించాలి. దాన సెటిల్మెంట్ అని రాయించండి. ప్రేమతో ఇస్తూ సేల్ డీడ్ రాయించకండి.

ఆ ఇల్లు ఆయన సొంత సంపాదనా, పిత్రార్జితమా అన్నది ముందు తేల్చుకోండి. ఉమ్మడి కుటుంబపు ఆస్తిని ఒక్కరే తనకు నచ్చినట్టు దానమివ్వడానికి లేదు. పిల్లలకు అందులో హక్కు ఉంటుంది. బ్యాంకు అప్పు ఉంటే ముందు బ్యాంకును అడగండి.

రిజిస్టరు అయ్యాక ఇంటి పన్ను ఆమె పేర మార్పించండి. కరెంటు మీటరు మార్పించండి. అద్దె కాగితం ఆమె పేర కొత్తగా రాయించండి. ఇంత మారినా, ఆయన పన్ను రిటర్నులో మాత్రం ఆ అద్దె కనబడాలి. ఇది మరిచిపోతే నోటీసు రావచ్చు.

చివరిగా, రాసిచ్చాక వెనక్కి తీసుకోవడం మాటలు కాదు. మనసు మారిందని దానం రద్దు కాదు. అందుకని తొందరపడి రాయకండి. ఆలోచించి రాయండి, రాశాక అది ఆమెదేనని మనస్ఫూర్తిగా ఒప్పుకోండి.

ఇంత చెప్పాక, పన్ను తగ్గనప్పుడు అసలు ఎందుకు రాయాలి అని ఎవరైనా అడగవచ్చు. నా జవాబు ఇది. మన ఊళ్లలో మిర్చి కోతకు వంగేది ఆడవాళ్లు. పత్తి తీసేది ఆడవాళ్లు. ఆ పంట డబ్బుతో కొన్న ఇంటి దస్తావేజులో మాత్రం చాలాసార్లు వాళ్ల పేరు ఉండదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం స్త్రీ చేతికి హక్కుగా వచ్చిన ఆస్తికి ఆమెను పూర్తి యజమానిని చేసింది. ఆ చట్టం ఇచ్చిన హక్కు అందాలంటే ముందు ఆస్తి ఆమె చేతికి రావాలి కదా. ఆమె పేర ఒక ఇల్లుంటే, రేపు ఆయన లేని రోజున అద్దె కోసం ఆమె ఎవరినీ అడగనక్కర్లేదు. ఆ ఇంటి కోసం వారసుల సర్టిఫికెట్ చేతపట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగనక్కర్లేదు. పన్ను లెక్కలో దొరకని లాభం ఇదే. నాకు తెలిసి ఇంతకన్నా పెద్ద లాభం లేదు.

వెళ్లే ముందు మళ్లీ మూడు ముక్కలు. భార్యకు ఇల్లు దానంగా ఇస్తే ఆ రోజున ఆదాయపు పన్ను లేదు. అద్దె మాత్రం ఇచ్చినవారి లెక్కలోనే చూపాలి. ఆమె అమ్మినా లాభం ఇచ్చినవారి లెక్కలోనే చూపాలి. పుట్టింటి నుంచి వచ్చినదీ, ఆమె సొంతంగా సంపాదించినదీ ఎప్పుడూ ఆమె లెక్కే. రాసే ముందు ఒక పూట ఆడిటరు గారి దగ్గర కూర్చోండి. కూర్చునేటప్పుడు ఆవిడను కూడా తీసుకువెళ్లండి. ఎవరి పేర రాస్తున్నారో వారికి లెక్క తెలియాలి కదా.